మూడో చరణం

గోర్న్యా కోప్రివా,
11 మార్చి 2003

ఒబ్రాద్‌కి,

కుమ్ అని రాయలేదేమని నొచ్చుకోకు. కావాలనే రాయలేదు. నా పెళ్ళినాడు చర్చిలో నా తలమీద కిరీటం పట్టుకుని నిలబడ్డది నువ్వే. కిరీటం పట్టిన కుమ్ తోడబుట్టినవాడికన్నా ఎక్కువ అని మా నాన్న చెప్పాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ కుమ్మే నా భార్య గొంతు నొక్కేశాడు. ఇరవైతొమ్మిదేళ్ళుగా ఈ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంక అందులో చోటు లేదు.

నాకు రాత సరిగా రాదని నీకు తెలుసు. బడిలో ఉన్నదాని కన్నా గొర్రెల వెనక ఉన్నదే ఎక్కువ. పెన్సిలుతో రాస్తున్నాను. తప్పులుంటే నీ చదువుతో నువ్వే దిద్దుకో.

మొన్న టీవీలో నీ మొహం చూశాను. జుట్టంతా పోయింది. వెండి పిచ్చుక పాటల పోటీ రాత్రుల్లో మరపురాని పాటలన్నీ ఏరి ఈ వేసవిలో మళ్ళీ చూపిస్తారట. ఏరడానికి నీలాంటి పాతవాళ్ళ సాయం తీసుకుంటున్నారట. నువ్వు పిల్లిలా కూర్చుని తల ఊపుతున్నావు. నేను చెంచా కింద పెట్టేశాను.

నీకు గుర్తు లేకపోతే నేను గుర్తు చేస్తాను. 1974. నేను అకార్డియన్, మా స్తామెంకా పాట. శబ్దం సరిచూసే బల్ల దగ్గర నువ్వు. మొదటి చరణం వెళ్ళింది, రెండోది వెళ్ళింది. మూడో చరణానికి మా ఊళ్ళో మిలాదిన్ కొట్టులో కూర్చున్న జనానికి ఆమె గొంతు వినపడలేదు. నా అకార్డియన్ ఒక్కటే. తెరమీద నా వేళ్ళు ఒక్కటే. మేం బస్సు దిగేసరికి మిలాదిన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏమ్మా స్తామెంకా, మూడో చరణం బెల్‌గ్రేడ్‌లో మరిచిపోయి వచ్చావా?" అన్నాడు. అందరూ నవ్వారు. కాలరు పట్టుకున్నాను, కానీ ఎంతమంది కాలర్లు పట్టుకోను?

తీగ తెగింది అన్నావు నువ్వు. మా చరణానికి తెగి, మా తర్వాతవాడికి దానంతటదే అతుక్కునే తీగ ఎక్కడైనా ఉంటుందా? తెల్లకోటు వేసుకొచ్చిన ఆ సముద్రం ఒడ్డు కుర్రాడికి పిచ్చుక ఇవ్వాలని ముందే అనుకున్నారు. నువ్వు మీట తిప్పావు. అంతే కదా.

ఆ తర్వాత ఆమె పాడలేదు. పెళ్ళిళ్ళలో పాడలేదు, మిరపతోటలో పాడలేదు. పోయి ఎనిమిదేళ్ళయింది.

ఆ పాట చూపించు. నేను అడిగేది అదొక్కటే.

వుకోమన్


బెల్‌గ్రేడ్,
2 ఏప్రిల్ 2003

కుమ్ వుకోమన్‌కి,

నువ్వు రాయకపోయినా నేను కుమ్ అనే రాస్తాను. కవరు మీద నీ అక్షరాలు చూడగానే పోల్చుకున్నాను. ఇప్పటికీ కంచె పాతినట్టే రాస్తావు.

నువ్వు అడిగింది నా చేతుల్లో లేదు. ఆ రోజుల్లో టేపులు దొరికేవి కావు. ఒక రాత్రి ప్రసారం అయ్యాక దానిమీదే మర్నాడు ఫుట్‌బాల్ ఆట ఎక్కించేవాళ్ళం. మీ పాట మీద ఏ ఆట ఎక్కిందో దేవుడికి తెలియాలి. మిగిలినవి నేలమాళిగలో చెమ్మకి అతుక్కుపోయాయి.

ఆ కార్యక్రమం చేసేది తియానా అనే అమ్మాయి. మా ఇంటికి వస్తుంది, కాఫీ తాగుతుంది, "ఇంకేం గుర్తున్నాయి తాతా?" అంటుంది. ఏవేవో చెబుతాను. హాల్లో దీపాలు ఆరిపోయిన ఏడాది చెప్పాను. నూలుమిల్లు ఆడవాళ్ళు చీకట్లోనే పాడుతూ పోయారు. మా ప్రసారం బండికి వేరే కరెంటు ఉండేది కాబట్టి దేశమంతా నల్లటి తెర ముందు కూర్చుని వాళ్ళ పాట విన్నది. చెప్పు మడమ విరిగితే రెండు చెప్పులూ వాద్యాల మధ్యకి తన్నేసి ఉత్తికాళ్ళతో పాడిన ఆవిడ గురించి చెప్పాను. ఒక చెప్పు వెళ్ళి పియానో మీద పడింది. వాయించేవాడు దాన్ని పూలకుండీలా నిలబెట్టి వాయిస్తూనే ఉన్నాడు. మీ లోయ గుడ్డి క్లారినెట్ ముసలాయన గురించి కూడా చెప్పాను. ఎర్రదీపం వెలిగితే ఆపాలని ఆయనకెవరూ చెప్పలేదు. వార్తలు చదివేవాడు కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు, ముసలాయన వాయిస్తూనే ఉన్నాడు. ఆ రాత్రి వార్తలు లేటు.

అమ్మాయి పగలబడి నవ్వింది. అవి చాలు వుకోమన్. నవ్వగలిగినవి నలుగురూ చూస్తారు.

స్తామెంకా గొంతు నీకు గుర్తుంది. అది ఏ పెట్టెలోనూ చెమ్మ పట్టదు. దాన్ని అలా ఉండనీ.

ఒబ్రాద్


గోర్న్యా కోప్రివా,
24 ఏప్రిల్ 2003

ఒబ్రాద్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

చెప్పుల కథలు నాకెందుకు? ఆ గుడ్డి ముసలాడు ఎర్రదీపం కనపడక వాయించాడనుకుంటున్నావా? వాడికి అన్నీ తెలుసు. ఆపడం ఇష్టంలేక ఆపలేదు. మా లోయవాళ్ళం ఆపమంటే ఆపం. అది ఆ అమ్మాయికి చెప్పు.

టేపు మీద ఆట ఎక్కించావు, సరే. నువ్వు చదువుకున్నవాడివి, నేను మొద్దుని, కానీ నాకు కళ్ళున్నాయి. ఆ రాత్రి వేదిక పక్కన తెర దగ్గర ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని వేరే కెమెరాతో తీశాడు. వార్తలవాడు. పెదవి కొరుక్కుంటూ ఉన్నాడు. టీవీలో నా వేళ్ళు చూపించారు గానీ వాడు మా ఇద్దర్నీ నిలువునా తీశాడు. ఆ రీలు ఏదీ? దానిమీద ఆట ఎక్కించరు, అది ఫిల్మ్.

గొంతు రాకపోయినా ఫరవాలేదు. నోరు కదలడం కనబడుతుంది. అది చాలు నాకు. మిలాదిన్ ఇంకా బతికే ఉన్నాడు. వాడికి నోరు కదలడం కనబడాలి.

ఆమె పాడింది ఒబ్రాద్. చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాను. పెళ్ళికూతురు ఏరు దాటుతూ అవతలి గట్టు మీద ఉన్న తల్లిని పిలిచే చరణం అది. నా జన్మలో ఆమె అంత బాగా పాడగా వినలేదు. కళ్ళు మూసుకుని విన్నాను. ఇప్పటికీ పడుకునే ముందు వింటాను. దాన్ని నువ్వు లేకుండా చేశావు.

ఇప్పుడు విను. బతిమాలడం నాకు చేతకాదు. మన కొండల్లో కుమ్ నోటినుంచి జన్మకొక్కసారే వచ్చే మాట అడుగుతున్నాను. దేవుడి పేరున, పరిశుద్ధ యోహాను పేరున నిన్ను అడుగుతున్నాను. ఆ రీలు వెతికి చూపించు. కాదన్నవాడి గతి ఏమిటో నీకు తెలుసు.

వుకోమన్


బెల్‌గ్రేడ్,
19 మే 2003

కుమ్ వుకోమన్‌కి,

ఆ మాట అనేశావు. అనకుండా ఉంటావనుకున్నాను.

మా నాన్న ఆ మాటకి కట్టుబడి తన ఒక్క ఎద్దునీ పగవాడైపోయిన కుమ్‌కి అప్పగించాడు. నేను చర్చికి పెద్దగా వెళ్ళను. అయినా కాదనలేను. ఎందుకో నాకే తెలియదు. పెరిగిన చోటు అలాంటిది.

రీలు ఉంది. ఎప్పుడూ ఉంది. డబ్బా మీద అసలు పేరు చెరిపి "పందుల పెంపకం, ఉత్తర జిల్లా" అని రాసి పెట్టింది నేనే. దానికోసం ఎవరూ చెయ్యి చాపరని. నిన్న తియానాకి ఇచ్చాను. వేసి చూసింది. "ఇది తప్పకుండా వేస్తాం తాతా" అంది. వద్దంటానేమోనని నా మొహం చూసింది. నేను వద్దనలేదు. నీ ఒట్టు నా నోరు కట్టేసింది.

పేతురు పండగ నాడు, రాత్రి ఎనిమిదికి.

నువ్వు నన్ను ఒకటి అడిగావు. నేనూ ఒకటి అడుగుతాను, ఒట్టు ఏమీ లేకుండా. ఇంట్లో చూడు. తలుపు వేసుకుని ఒక్కడివే చూడు. కొట్టుకి వెళ్ళకు.

ఒబ్రాద్


గోర్న్యా కోప్రివా,
6 జూలై 2003

ఒబ్రాద్‌కి,

పందుల పెంపకమా! దొంగ తన జాడ తానే చెప్పుకున్నాడంటే ఇదే. తప్పు చేయనివాడు డబ్బా మీద పేరెందుకు మారుస్తాడు? నీ ఉత్తరం మిలాదిన్‌కి చదివి వినిపించాను. వాడు తల గోక్కున్నాడు. "అయితే నేను అన్న మాట వెనక్కి తీసుకోవాలేమో" అన్నాడు. తీసుకోవాలేమో కాదు, అందరి ముందూ తీసుకోవాలి అన్నాను.

ఒక్కడినే చూడాలా? ఎందుకు, నీ పరువు దక్కడానికా? నవ్వినప్పుడు ఊరంతా నవ్వింది, చూసేటప్పుడు ఊరంతా చూస్తుంది. రెండు గొర్రెపిల్లల్ని చెప్పాను. కొట్టు బయట నిప్పు వేస్తున్నాం. రాకియా సారా నాది, మంచి ఏడాదిది. ఫాదర్ వస్తున్నాడు. పక్క ఊరి అక్కాచెల్లెళ్ళు కూడా వస్తున్నారు, స్తామెంకాతో కలిసి పాడేవాళ్ళు, ఒకామె కర్ర పట్టుకుని నడుస్తుంది. అకార్డియన్ దించి తుడిచాను. తోలు రెండుచోట్ల చిట్లింది, పలుకుతుంది.

నిన్న ఆమె సమాధి దగ్గరికి వెళ్ళి చెప్పి వచ్చాను. శనివారం చూడవే అన్నాను.

ఇది అయ్యాక నీకు ఉత్తరం రాస్తాను. అందులో కుమ్ అని రాస్తానో లేదో చూద్దాం. మీట తిప్పానని ఒప్పుకుంటే రాయవచ్చు. నేను అంత చెడ్డవాణ్ణి కాదు.

వుకోమన్


బెల్‌గ్రేడ్,
30 ఆగస్టు 2003

కుమ్ వుకోమన్‌కి,

పేతురు పండగ వెళ్ళిపోయింది. నీనుంచి మాట లేదు. తిట్లైనా వస్తాయని రోజూ పోస్టు డబ్బా తెరిచి చూస్తున్నాను.

నేనూ చూశాను. మొదటి రెండు చరణాలు ఆమె నోరు, గొంతు. తర్వాత పెదవులు మూసుకున్నాయి. నడుముకి ముందు కట్టుకున్న ఎర్ర తువ్వాలు కొంగు గుప్పిట్లో పట్టుకుని చరణమంతా అలాగే నిలబడింది. పక్కన నువ్వు కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, నవ్వుతూ వాయిస్తున్నావు. మరపురాని రాత్రుల్లో దాన్ని ఆఖరున పెట్టారు. ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయట. జనం ఏడ్చారట. నాకు ఆ అమ్మాయి మీద కోపం లేదు.

ఇప్పుడు ఒట్టు తీరింది కాబట్టి చెబుతాను. నువ్వు అకార్డియన్ పెట్టెలో సర్దుకుంటున్నావు. ఆమె తీగల మధ్యనుంచి నా బల్ల దగ్గరికి వచ్చింది. నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "నోరు తెరిచాను కుమా, ఏమీ రాలేదు. ఆ దీపాలు, ఆ కోట్లవాళ్ళు... మా అమ్మ మొహం తప్ప ఏమీ గుర్తు రాలేదు. తీగ తెగిందని చెప్పు. తీగనైతే తిట్టి ఊరుకుంటాడు" అన్నది.

చెప్పాను. వారంలో తనే నీకు చెబుతుందిలే, అప్పుడు ముగ్గురం నవ్వుకుంటాం అనుకున్నాను. వారం లోపలే నువ్వు నా గుమ్మం ముందు ఉమ్మేసి వెళ్ళావు. ఆ తర్వాత చెప్పాల్సింది ఆమే గానీ నేను కాదు. అలాగే ఏళ్ళు పోయాయి. ఏటా శరదృతువులో బస్సు డ్రైవరు మా ఇంటికి ఒక సీసా తెచ్చిచ్చేవాడు. కాల్చి నూరిన మిరపపచ్చడి. చీటీ ఉండేది కాదు. ఎవరు పంపారని నేను అడిగేవాణ్ణి కాదు.

ఇంకొక్కటి. ఆమెను ఇక్కడి ఆస్పత్రిలో పెట్టినప్పుడు, నువ్వు రొట్టె కొనడానికి కిందికి దిగడం చూసి పైకి వెళ్ళాను. కాసేపు కూర్చున్నాను. "ఇప్పుడైనా చెప్పేద్దామా?" అని అడిగాను. ఆమె ఏమన్నదో అది నాతోనే పోనీ. అంతవరకు నన్ను వదిలెయ్.

నాకు చూపు తగ్గిపోతోంది. గీతమీద వేలు పెట్టుకుని ఇది రాశాను. మళ్ళీ రాయగలనని అనుకోను.

ఒబ్రాద్


గోర్న్యా కోప్రివా,
12 అక్టోబర్ 2003

కుమ్ ఒబ్రాద్‌కి,

రాశాను, చూశావా. చూపు లేకపోతే పొరుగువాళ్ళెవరైనా చదివి పెడతారు. సిగ్గుపడకు. సిగ్గు ఎక్కడిదాకా ఉంటుందో నేను చూసి వచ్చాను, ఆ తర్వాత ఉండదు.

ఆ రాత్రి సంగతి చెబుతాను. అందరూ వచ్చారు. ఉత్తికాళ్ళావిడకి నవ్వారు. మన క్లారినెట్ ముసలాడికి లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత తెరమీద మేం వచ్చాం. మిలాదిన్ టోపీ తీశాడు. మొదటి చరణం. నేను అనుకున్న గొంతు కాదది. నాకు గుర్తున్నది బరువైన గొంతు. ఇది సన్నగా ఉంది, చలిలో నిలబెట్టిన పిల్లలా ఉంది. ఎనిమిదేళ్ళుగా నేను పడుకునే ముందు వింటున్నది ఎవరి గొంతో నాకు తెలియదు.

తర్వాత మూడోది వచ్చింది. నువ్వు రాశావు కదా, మళ్ళీ నేనెందుకు.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే కాళ్ళు విరగ్గొడదామని ముప్పై ఏళ్ళు కాచుకున్నాను. ఆ రాత్రి ఒక్కడైనా నవ్వితే బాగుండుననిపించింది. మిలాదిన్ టోపీ మళ్ళీ పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు. "మాంసం చల్లారుతోంది వుకోమన్ బాబాయ్" అన్నది వాడి కూతురు. కర్ర పట్టుకుని వచ్చిన ఆవిడ నా పక్కన కూర్చుని, "మాకు తెలుసులే" అన్నది. ఏం తెలుసు అన్నాను. "ఆడవాళ్ళం, పాడేవాళ్ళం, ఒకసారి గొంతు పోయిన మనిషిని చూస్తే తెలియదా" అన్నది. అంటే ఈవిడకీ తెలుసు. నీకు తెలుసు. ఇంకెవరెవరికి తెలుసు? బస్సు డ్రైవరుకి కూడానా?

అకార్డియన్ కొట్టులోనే వదిలేసి వచ్చాను. ఇంకా అక్కడే ఉంది. తెచ్చుకోను.

సీసా సంగతి చెప్పావు. ఏటా ఒకటి తక్కువొచ్చేది. పక్కింటి రూజిత్సా ఎత్తుకుపోతోందని ఆమెతో మాటలు మానేశాను. మొన్న వెళ్ళి తలుపు కొట్టాను. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు ఉన్నారు.

నువ్వు రాసిన మాట పట్టుకుని కూర్చున్నాను. తీగనైతే తిట్టి ఊరుకుంటాడట. నన్నైతే? తిట్టేవాణ్ణే. కాదనను. వారం తిట్టేవాణ్ణి, నెల తిట్టేవాణ్ణి. నోరున్నవాడు తిడతాడు. దానికేనా? నేను బల్ల గుద్ది నీ వంశాన్ని తిడుతుంటే స్తామెంకా ఎదురుగా కూర్చుని, పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఒక్క రాత్రి కాదు. ప్రతి పండక్కి, మందు తాగిన ప్రతిసారీ. కుమ్ పోయాడు, ఇంట్లో పాట పోయింది, ఉప్పు మాత్రం ఎప్పుడూ సరిపోయింది.

సమాధి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళి ఏం మాట్లాడను? ఆమె అక్కడ కూడా చెప్పదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. నేను రొట్టెకి వెళ్ళాను. నువ్వు చెప్పేద్దామా అన్నావు. ఆమె ఏమన్నది? మంచిదైతే మంచిది, చెడ్డదైతే చెడ్డది. వాడికి చెప్పి ప్రయోజనం లేదు అన్నదా? నవ్విందా? అటు తిరిగి పడుకుందా? ఏదైనా సరే. తియ్యగా చేసి రాయకు. నేను పసిగడతాను.

నీ దగ్గరుంచుకునే హక్కు నీకు లేదు. ఆమె నా భార్య. ఒట్టు పెట్టి అడుగుదామంటే ఆ మాట జన్మకొక్కసారే. దాన్ని ఒక రీలు కోసం ఖర్చు పెట్టేశాను. ఇప్పుడు నా దగ్గర నిన్ను కట్టేసేది ఏదీ లేదు. ఊరికే అడుగుతున్నాను. ఎలా అడగాలో కూడా నాకు సరిగా తెలియదు.

దిమిత్రి పండగకి ఈ దారిలో మంచు పడుతుంది. ఆ తర్వాత వసంతం దాకా పోస్టామె పైకి రాదు. పండగ శనివారం పడింది. శనివారం ఆమె తిరగదు. కాబట్టి శుక్రవారం, నవంబర్ ఏడుకి, నీ జవాబు నా చేతిలో ఉండాలి.

వుకోమన్